పద్నాలుగు కిలోలు తగ్గాక మే నెలలో కూడా చలి. ఇది నా ఒక్కదానికేనా?

కాకినాడ_కల్యాణి
కిందటి సెప్టెంబరులో నా బరువు 78 కిలోలు. ఇప్పుడు 64. మందులు లేవు, పొడులు లేవు. పొద్దున గంట నడక, రాత్రి అన్నం బదులు రెండు పుల్కాలు, స్వీట్లు బంద్. మార్చి దాకా బాగానే తగ్గాను. తర్వాత రెండు నెలల నుంచి ముల్లు కదలట్లేదు. తిండి పెంచలేదు, నడక తగ్గించలేదు.

అంతకన్నా వింత ఈ చలి. బయట 41 డిగ్రీలు. ఇంట్లో ఏసీ 25 మీద ఉంటే అందరూ హాయిగా పడుకుంటారు. నేను మాత్రం దుప్పటి కప్పుకుని, కాళ్ళకి సాక్సులు వేసుకుని, చేతులు తొడల మధ్య పెట్టుకుని పడుకుంటున్నాను. వేళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసినట్టు ఉంటున్నాయి. థైరాయిడ్ చేయించాను, టీఎస్‌హెచ్ 2.4 వచ్చింది. నార్మల్ అన్నారు.

బరువు ఆగిపోయిందని చెబితే మా అత్తగారు "ఎవరూ లేనప్పుడు ఏమైనా తింటున్నావేమో చూసుకో" అన్నారు. ఆ మాట మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. కొవ్వు అంటే దుప్పటి లాంటిది, అది పోయింది కాబట్టి చలి అంటున్నారు మావారు. అంతేనా? ఇంకేమైనా ఉందా?

బెజవాడ_బాబ్జీ
సింపుల్. కొవ్వు పోయింది, చలి వచ్చింది. ఉప్పాడ తీరంలో ఒక నెల ఉండండి, సరిపోతుంది.

నిద్రపట్టని_నిర్మల
నాకు సరిగ్గా రివర్స్. 51 ఏళ్ళు. రాత్రి రెండింటికి మెడ దగ్గర నుంచి ఆవిరి పొంగినట్టు వచ్చి జాకెట్ తడిసిపోతుంది. కల్యాణీ, నువ్వూ నేనూ ఒకే గదిలో పడుకుంటే ఏసీ రిమోట్ కోసం పంచాయితీ పెట్టాల్సిందే.

ఫిజియాలజీ_శారద
బాబ్జీ గారూ, దుప్పటి మాట కొంతవరకు నిజమే. చర్మం కింద కొవ్వు వేడిని బయటికి పోనివ్వదు. కానీ కల్యాణి గారు చెప్పిన రెండు సంగతులూ, అంటే చలి, బరువు ఆగిపోవడం, ఒకే చోటు నుంచి వస్తున్నాయని నా అనుమానం. ఆ చోటు పొట్ట కాదు, మెదడు. మెడికల్ కాలేజీలో పదహారేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. పోస్టు పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కొవ్వు అనేది ఊరికే పడి ఉన్న నెయ్యి ముద్ద కాదు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ని రక్తంలోకి వదులుతాయి. ఎంత కొవ్వు ఉంటే అంత లెప్టిన్. మెదడు అడుగున బాదంగింజంత హైపోథలమస్ దాన్ని చదువుతూ ఉంటుంది. గాదెలో ధాన్యం ఎంత ఉందో చూసుకుని ఇంటి పెద్ద ఖర్చు పెట్టినట్టు. మీరు 14 కిలోలు తగ్గారు, లెప్టిన్ పడిపోయింది. కల్యాణి డైటింగ్ చేస్తోందా, ఊళ్ళో కరువు వచ్చిందా అన్న తేడా హైపోథలమస్‌కి తెలియదు. గాదె ఖాళీ అవుతోంది, అంతే దానికి తెలిసింది. వెంటనే పొదుపు మొదలుపెడుతుంది. ఆకలి పెంచుతుంది. కొవ్వుకి, గుండెకి వెళ్ళే సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా ఒంటిని ఉరుకులు పెట్టించే నరాలు) జోరు తగ్గిస్తుంది. థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన టీ3ని కొంచెం దించుతుంది. టీఎస్‌హెచ్ చూస్తే మాత్రం నార్మల్‌గానే కనిపించవచ్చు. కండరాలు కూడా అదే నడకని తక్కువ ఇంధనంతో నడిచేస్తాయి.

రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో లీబెల్, రోజెన్‌బామ్ 1995లో ఇది కొలిచి చూపించారు. బరువులో పది శాతం తగ్గినవాళ్ళ శక్తి ఖర్చు, చిన్నబడిన ఒంటికి తగ్గ దానికన్నా ఇంకా కిందికి పోయింది. అదే బృందం తర్వాత అలాంటివాళ్ళకి లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే, పడిపోయిన థైరాయిడ్ హార్మోన్లు, ఖర్చు మళ్ళీ పైకి వచ్చాయి. కాబట్టి మీరు దొంగతనంగా తినలేదు. మీ మెదడు ఖర్చు తగ్గించింది. తగ్గించిన ఖర్చులో వేడి కూడా ఒక పద్దు.

కాకినాడ_కల్యాణి
శారద గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మావారికి చూపిస్తాను.

మిన్నియాపోలిస్_మాధవి
శారద గారి "కరువు" మాటకి కళ్ళెదుట సాక్ష్యం మా ఊళ్ళోనే ఉంది. 1944-45లో ఇక్కడి మిన్నెసోటా యూనివర్సిటీలో ఏన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది యువకుల మీద ప్రయోగం చేశారు. యుద్ధంలో తుపాకీ పట్టనని చెప్పి, ఆ బదులు దీనికి ఒప్పుకున్న వాళ్ళు. ఫుట్‌బాల్ స్టేడియం కింద గదుల్లో ఉంచి, ఆరు నెలలు అర్ధాకలితో పెట్టారు. బరువులో నాలుగో వంతు పోయింది. విశ్రాంతిగా ఉన్నప్పటి శక్తి ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. యుద్ధం ముగిసి యూరప్‌లో ఆకలితో ఉన్నవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి చేసిన పని అది.

ఆ కుర్రాళ్ళు చెప్పుకున్న బాధల్లో చలి ఒకటి. ఎండాకాలంలో కూడా చలి అనేవారు. తిండి బాగా వేడిగా కావాలనేవారు. కల్యాణీ, నీ సాక్సుల సంగతి చదవగానే నాకు వాళ్ళే గుర్తొచ్చారు. ఆ స్టేడియాన్ని 1992లో కూల్చేశారు.

వరంగల్_వాసు
అంతా బాగానే ఉంది గానీ, నాకు ఒక డౌట్. మెదడు ఖర్చు తగ్గిస్తుంది సరే, కొవ్వులో వేడి ఎట్ల పుడుతుంది? కొవ్వు అంటే దాచిపెట్టేది కదా?

ఫిజియాలజీ_శారద
మంచి ప్రశ్న వాసు గారూ. కొవ్వులో రెండు రకాలు. మనకి తెలిసిన తెల్లది దాస్తుంది. ఇంకొకటి గోధుమరంగుది, బ్రౌన్ ఫ్యాట్. దానిలో మైటోకాండ్రియాలు, అంటే కణంలో ఇంధనాన్ని కాల్చే పొయ్యిలు, కిక్కిరిసి ఉంటాయి, వాటిలోని ఇనుము వల్లే ఆ రంగు. పని ఒక్కటే, కొవ్వుని కాల్చి వేడి పుట్టించడం.

సాగర్ డ్యామ్ చూసే ఉంటారు. నీళ్ళు టర్బైన్ గుండా దిగితే కరెంటు పుడుతుంది. క్రస్ట్ గేట్లు ఎత్తితే అవే నీళ్ళు కరెంటు లేకుండా నురగలు కక్కుతూ కిందికి దూకుతాయి. మామూలు కణంలో మైటోకాండ్రియా ప్రోటాన్లని ఒక గోడకి అవతల నిలవబెట్టి, టర్బైన్ గుండా వదిలి ఏటీపీ (కణం తన పనులకి వాడుకునే శక్తి అణువు) తయారుచేస్తుంది. బ్రౌన్ ఫ్యాట్‌లో ఆ గోడకి యూసీపీ1 అనే ప్రోటీన్ క్రస్ట్ గేటులా ఉంటుంది. అది తెరిస్తే ఏటీపీ రాదు, ఆ శక్తంతా వేడిగా పోతుంది.

గేటు ఎత్తే ఆర్డరు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. చర్మానికి చలి తగులుతుంది. కబురు వెన్నుపాము మీదుగా హైపోథలమస్ ముందు భాగంలోని ప్రీఆప్టిక్ ప్రాంతానికి చేరుతుంది. అక్కడి నుంచి వెనక భాగానికి, అక్కడి నుంచి మెదడు కాండం అడుగున మెడుల్లాలోని రాఫే పాలిడస్ అనే చోటికి, మళ్ళీ వెన్నుపాముకి, చివరికి సింపథెటిక్ నరాల్లోకి. కాలవ మీద లస్కరుకి ఆఫీసు నుంచి ఫోను వచ్చినట్టు. నరం కొసన నార్ అడ్రినలిన్ అనే రసాయనం ఊరుతుంది. కొవ్వు కణం తన నిల్వని కరిగించుకుంటుంది, అలా వచ్చిన ఫ్యాటీ ఆమ్లాలే గేటునీ తెరుస్తాయి, అవే ఇంధనంగానూ కాలతాయి. ఆ నరం తెగితే చలి పెట్టినా బ్రౌన్ ఫ్యాట్ సరిగ్గా రాజుకోదు.

గోదారిగట్టు_గోపాలం
శారదమ్మా, ఏటీపీ అన్నావు కాబట్టి ఒక్క మాట. 1929లో ఏటీపీని కండరంలో కనిపెట్టినవాళ్ళలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి చేశాడు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేటప్పుడు ఏటీపీ పాఠం ఎప్పుడూ ఆయన పేరుతోనే మొదలుపెట్టేవాణ్ణి. పిల్లలు వెనక బెంచీల్లోంచి కూడా తలెత్తి వినేవాళ్ళు.

కోళ్ళఫారం_కొండలు
నేను పెద్దగా చదువుకోలేదు, కానీ ఈ వేడి గొడవ మాకు రోజూ పనే. తణుకు దగ్గర ఫారం. కోడిపిల్లలు దిగిన మొదటి వారం బ్రూడర్ (వేడినిచ్చే దీపం) కింద 33, 34 డిగ్రీలు ఉంచాలి. కరెంటు పోయి అరగంట దాటితే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి గుట్టగా ఎక్కేస్తాయి. అడుగునవి నలిగి చచ్చిపోతాయి. చెయ్యి పెట్టి చూస్తే పైవి వెచ్చగా ఉంటాయి, అంచున నిలబడ్డవి చల్లగా చెక్కపేళ్ళలా. మరి వీటికి ఆ గోధుమ కొవ్వు లేదా?

ఫిజియాలజీ_శారద
లేదు కొండలు గారూ, పక్షులకి బ్రౌన్ ఫ్యాట్ లేదు. అందుకే మీకు బ్రూడర్. పందులకీ పని చేసే యూసీపీ1 లేదు, వాటి పూర్వీకుల్లోనే ఆ జీన్ పాడైపోయింది. పందిపిల్లలకి కూడా పుట్టగానే దీపం పెడతారు. మీ మాట రేపు క్లాసులో చెబుతాను.

మనుషుల పసిపిల్లలు అదృష్టవంతులు. పుట్టినప్పుడు వాళ్ళకి వణకడం సరిగ్గా రాదు. కానీ రెండు రెక్కల ఎముకల మధ్య, మెడ దగ్గర, మూత్రపిండాల చుట్టూ బ్రౌన్ ఫ్యాట్ ఉంటుంది. దానిలో ఎక్కువ భాగం గర్భంలో చివరి నెలల్లో పోగవుతుంది. నెలలు నిండని బిడ్డలు త్వరగా చల్లబడటానికి అదొక కారణం.

నర్సు_నాగమణి
నేను ఇరవై రెండేళ్ళు లేబర్ రూమ్‌లో చేశాను. ఏడు నెలలకి పుట్టిన బిడ్డ, 1,300 గ్రాములు. అరికాళ్ళు ముట్టుకుంటే చల్లగా, పొట్ట ముట్టుకుంటే వెచ్చగా ఉందంటే అప్పుడే చలి మొదలైందని లెక్క. రెండూ చల్లబడితే ఆలస్యమైనట్టే. ఆ బిడ్డని తడి తుడిచి, టోపీ పెట్టి, వాళ్ళమ్మ గుండెల మీద బట్టలు లేకుండా ఆనించి పైనుంచి చీర చుట్టాం. అదే కంగారూ పద్ధతి. 1970ల చివర్లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక అక్కడి డాక్టర్లు మొదలుపెట్టారు. గంటకి పాదాలు గులాబీరంగుకి వచ్చాయి. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, పండక్కి ఫోన్ చేస్తుంది.

పుట్టగానే స్నానం చేయించాలని పట్టుబట్టే పెద్దవాళ్ళకి ఒక్క మాట. ఒక రోజు ఆగండి. ఆ బిడ్డ ఒంట్లో ఉన్న కాస్త ఇంధనం చన్నీళ్ళకి ఖర్చు పెట్టించకండి.

బెజవాడ_బాబ్జీ
ఆగండాగండి. బ్రౌన్ ఫ్యాట్ చలికి కాలుతుందంటే, కార్తీక మాసంలో తెల్లారుజామున కృష్ణలో మునిగితే కొవ్వు కరగాలిగా? మా బామ్మ నలభై ఏళ్ళు మునిగింది, సన్నగానే ఉండేది. మన పెద్దవాళ్ళకి ఇదంతా ముందే తెలుసన్నమాట.

ఫిజియాలజీ_శారద
మీ బామ్మగారికి నా నమస్కారం. కానీ ఒప్పుకోలేను. మూడు మునకలకి పట్టేది రెండు మూడు నిమిషాలు. జపాన్‌లో 2013లో చేసిన అధ్యయనంలో రోజూ రెండు గంటల చొప్పున, 17 డిగ్రీల గదిలో, ఆరు వారాలు కూర్చోబెట్టారు. బ్రౌన్ ఫ్యాట్ చురుకైంది, ఒంటి కొవ్వు కొంచెం తగ్గింది. కొంచెమే. కార్తీక స్నానం భక్తితో చేసుకోండి, బరువు కోసం కాదు.

ఇంకో సంగతి. చలి తగిలాక మెదడు ఊరుకోదు, ఖర్చయింది పూడ్చుకోమంటుంది. 2023లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో ఎలుకల మెదడులో దీనికి ప్రత్యేకంగా ఒక చిన్న కేంద్రం ఉందని చూపించారు. చలిలో కొన్ని గంటలు గడిచాక అది మేల్కొని తిండి వెతికిస్తుంది.

బెజవాడ_బాబ్జీ
అందుకేనా స్నానం అవగానే బామ్మ వేడి వేడి ఉప్మా అడిగేది! సరే, ఈ పాయింటు మీదే.

లంబసింగి_లక్ష్మి
మా వైపు డిసెంబరులో పొద్దున్నే మంచు గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు పలచటి శాలువాతో తిరుగుతారు. విశాఖ నుంచి వచ్చినవాళ్ళు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని మంట దగ్గర నుంచి కదలరు. అలవాటు అని మేం అనుకుంటాం. అది కూడా బ్రౌన్ ఫ్యాటేనా?

ఫిజియాలజీ_శారద
కొంత ఉండొచ్చు లక్ష్మి గారూ. నెదర్లాండ్స్‌లో పది రోజులు రోజూ ఆరు గంటలు చలి గదిలో ఉన్నవాళ్ళకి వణుకు తగ్గింది, బ్రౌన్ ఫ్యాట్ పెరిగింది. వణుకుతో చేసే పనిని నెమ్మదిగా కొవ్వు అందుకుంటుంది.

స్కాన్‌రూమ్_సతీష్
పెద్దవాళ్ళలో బ్రౌన్ ఫ్యాట్ ఉందని బయటపడిందే మా పెట్ స్కాన్ల వల్ల. క్యాన్సర్ రోగికి రేడియో ధార్మిక గ్లూకోజ్ ఎక్కించి స్కాన్ తీస్తే, కొందరికి మెడకి రెండు వైపులా, కాలర్ ఎముకల పైన, రెక్కలు చాపినట్టు వెలుగు కనిపించేది. గడ్డలేమో అని కంగారు. తీరా చూస్తే చలికి రాజుకున్న బ్రౌన్ ఫ్యాట్. 2009లో ఒకే సంచికలో మూడు బృందాలు దీన్ని ప్రచురించాక అనుమానం తీరిపోయింది. అంతకు ముందు చాలామంది పసితనం దాటాక అది ఉండదనుకునేవారు.

ఇప్పటికీ మేం రోగిని ముందు గంటసేపు దుప్పటి కప్పి వెచ్చటి గదిలో కూర్చోబెడతాం. మొన్న జనవరిలో ఒక అమ్మాయి, 24 ఏళ్ళు, సన్నగా ఉంటుంది, తెల్లారుజామున బైక్ మీద వచ్చింది. దుప్పటి వద్దంది. స్కాన్‌లో మెడంతా దీపావళి. మళ్ళీ ఇంకో రోజు రమ్మని, వెచ్చగా ఉంచి తీస్తే ఏమీ లేదు. వాళ్ళ నాన్నకి ఆ రెండో ఫిల్ము చూపించినప్పుడు ఆయన గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. దయచేసి పెట్ స్కాన్‌కి వెళ్ళేవాళ్ళు వెచ్చటి బట్టలు వేసుకుని వెళ్ళండి.

వరంగల్_వాసు
సతీష్ అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు అసలు నేను ఎందుకు ఈ చర్చలోకి వచ్చానో చెప్తా. మా మేనల్లుడు జిమ్‌కి పోతడు. ఎవరో ఆన్‌లైన్ల పసుపుపచ్చటి క్యాప్సూళ్ళు తెప్పించుకోమన్నరట, డీఎన్‌పీ అని. "మామా, ఇది కొవ్వుని వేడిగా మార్చేస్తది, చెమట కారుతది, వారంల తగ్గుత" అంటున్నడు. శారద మేడమ్ చెప్పిన గేటు లాంటిదేనా ఇది?

ఫిజియాలజీ_శారద
వాసు గారూ, ఆ క్యాప్సూళ్ళు ఈ రాత్రే వాడి చేతిలోంచి తీసేసుకోండి. ఇది సలహా కాదు, బతిమాలుతున్నాను.

డీఎన్‌పీ కూడా ప్రోటాన్లని టర్బైన్ తప్పించి కిందికి వదిలేస్తుంది, అది నిజమే. కానీ యూసీపీ1 బ్రౌన్ ఫ్యాట్‌లోనే ఉంటుంది, మెదడు తెరవమంటే తెరుచుకుంటుంది, చాలంటే మూసుకుంటుంది. డీఎన్‌పీ గుండె, కాలేయం, కండరం, అన్నిచోట్లా గోడకే చిల్లులు పొడుస్తుంది. మెదడు చాలు అన్నా వినే నరం అక్కడ లేదు. జ్వరం వస్తే పారాసిటమాల్ ఎందుకు పని చేస్తుంది? జ్వరంలో మెదడే థర్మోస్టాట్‌ని పైకి తిప్పింది కాబట్టి, మందు దాన్ని కిందికి దించుతుంది. డీఎన్‌పీ వేడి మెదడు చెప్పి పుట్టించింది కాదు, కాబట్టి దానికి ఆ మాత్ర పనికిరాదు. విరుగుడు మందు కూడా లేదు. ఒళ్ళు కాలిపోతూ చచ్చిపోతారు.

1933లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు దీన్ని బరువు తగ్గడానికి ఇచ్చారు. అమెరికాలో వేలమంది వాడారు. కంటి శుక్లాలు వచ్చాయి, మరణాలు వచ్చాయి. 1938లో మనుషులు తినడానికి పనికిరాదని ఆపేశారు.

నర్సు_నాగమణి
వాసూ, శారద గారు చెప్పింది అక్షరం అక్షరం వాడికి చదివి వినిపించు. వాళ్ళమ్మకి కూడా చెప్పు, దాచొద్దు.

వరంగల్_వాసు
ఇప్పుడే వాళ్ళింటికి పోతున్న.

నిద్రపట్టని_నిర్మల
వాసు కబురు వచ్చేదాకా మనసు కుదురుగా లేదు. ఈలోపు నా సంగతి. ఈ ఆవిర్లు కూడా మెదడు పనేనా? మా పక్కింటావిడ "వేడి చేసింది, సబ్జా గింజలు తాగు" అంటోంది. లీటర్లు లీటర్లు తాగాను.

ఫిజియాలజీ_శారద
మెదడు పనే నిర్మలక్కా. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు హైపోథలమస్‌లో కొన్ని న్యూరాన్లు అదుపు తప్పి, ఒళ్ళు వేడెక్కిపోయిందని పొరపాటుగా కబురు పంపిస్తాయి. అప్పుడు చర్మం రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమట పోస్తుంది. ఆ న్యూరాన్ల మీదే పని చేసే ఫెజోలినెటాంట్ అనే మందుకి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. మీ గైనకాలజిస్టుతో ఒకసారి మాట్లాడండి, భరించాల్సిన అవసరం లేదు. సబ్జా చల్లగా హాయిగా ఉంటుంది, తాగండి. కానీ మనం "వేడి చేసింది" అనే మాటకీ ఒంటి ఉష్ణోగ్రతకీ సంబంధం లేదు. మామిడిపళ్ళు తిని సెగ్గడ్డలు లేచిన రోజు థర్మామీటర్ పెట్టుకున్నా మామూలుగానే చూపిస్తుంది.

గోదారిగట్టు_గోపాలం
ఇక్కడ నేను కొంచెం అడ్డుపడతాను. "వేడి చేయడం" అన్నది థర్మామీటర్ మాట కాదమ్మా. నోరు పూయడం, మూత్రం మంట, కళ్ళు మండటం, వీటన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరు. తప్పు అనేయకుండా వేరే అర్థం అనుకుంటే బాగుంటుంది.

ఫిజియాలజీ_శారద
ఒప్పుకుంటున్నాను మాస్టారూ. వేరే అర్థం అనడమే సరైనది.

హైదరాబాద్_హరీష్
మొత్తం చదివాను. కల్యాణి గారి అత్తగారి మాటకి కోపం వచ్చింది గానీ, మెదడే అంతా చేస్తోందంటే మనిషి చేతిలో ఏమీ లేదన్నట్టు అవట్లేదా? నేను 20 కిలోలు తగ్గి నాలుగేళ్ళుగా నిలబెట్టుకున్నాను. పట్టుదల ఉంటే సాధ్యమే.

మిన్నియాపోలిస్_మాధవి
హరీష్, నిలబెట్టుకున్నందుకు నిజంగా అభినందనలు. కానీ నీకు పట్టుదల ఉంది, మిగతావాళ్ళకి లేదు అన్న లెక్కే మనుషుల్ని కుంగదీసేది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ల్యాబ్‌లో 1949లో బాగా లావెక్కిన ఎలుకలు కనిపించాయి. ఏళ్ళ తరబడి వాటిని తిండిపోతుల్లా చూశారు. అదే ఎలుకని 4 డిగ్రీల చలిలో పెడితే కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. అంత కొవ్వు మోస్తూ చలికి చచ్చిపోతుంది! 1994లో ఫ్రీడ్‌మన్ బృందం అసలు కారణం పట్టుకుంది. వాటికి లెప్టిన్ లేదు. కొవ్వు కొండలా ఉన్నా మెదడుకి గాదె ఖాళీగా కనిపిస్తోంది. బాబ్జీ గారి దుప్పటి సిద్ధాంతం నిజమైతే ఆ ఎలుక అందరికన్నా వెచ్చగా ఉండాలి.

1997లో ఇంగ్లండులో ఇద్దరు పిల్లలు దొరికారు, దగ్గరి బంధువులు. ఎనిమిదేళ్ళ పాప 86 కిలోలు. వాళ్ళకీ లెప్టిన్ లేదు. ఆ పాప తల్లిదండ్రులు అన్నేళ్ళు ఎన్ని మాటలు పడి ఉంటారు? లెప్టిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక తిండి మీద ఆ యావ తగ్గి, బరువు దిగింది.

హైదరాబాద్_హరీష్
ఈ సంగతి నాకు తెలియదు మాధవి గారూ. "పట్టుదల ఉంటే" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరి ఆ లెప్టిన్ అందరికీ ఇచ్చేయొచ్చుగా?

ఫిజియాలజీ_శారద
ప్రయత్నించారు. మామూలుగా లావుగా ఉన్నవాళ్ళలో లెప్టిన్ ఇప్పటికే ఎక్కువ. అరుపు వినీ వినీ మెదడుకి చెవులు మొద్దుబారినట్టు. ఇంకా అరిస్తే లాభం ఉండలేదు. ఇప్పుడొచ్చిన సెమాగ్లుటైడ్ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు మెదడులో ఆకలి వైపు పని చేస్తాయి, ఖర్చు పెంచే వైపు కాదు. అందుకే ఆపేశాక ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది.

కల్యాణి గారూ, అసలు అడగాల్సింది మర్చిపోయాను. హిమోగ్లోబిన్ ఎప్పుడైనా చూపించుకున్నారా? ఇనుము తక్కువైతే ఒళ్ళు వేడి పుట్టించుకోవడమే కష్టం. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తేలింది. తిండి తగ్గించి రెండు పుల్కాల మీద బతుకుతున్న వాళ్ళకి ఇంకా ప్రమాదం. అన్నీ మెదడు మీదికి నెట్టేసి ఇది వదిలేయకండి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా రాయించుకోండి.

వరంగల్_వాసు
వెళ్ళొచ్చిన. వాడి బ్యాగుల ముప్ఫై క్యాప్సూళ్ళు ఉండె. ఇంకా తెరవలేదు. శారద మేడమ్ పోస్టు వాడితోనే పెద్దగా చదివించిన. "మెదడు చాలు అన్నా వినే నరం అక్కడ లేదు" అన్న దగ్గర వాడి గొంతు ఆగిపోయింది. క్యాప్సూళ్ళు నా దగ్గరే ఉన్నయి, పొద్దున తెలిసిన డాక్టరుకి అప్పజెప్తా. మా అక్క మీ అందరికీ దండాలు చెప్పమన్నది.

నర్సు_నాగమణి
అమ్మయ్య. ఇప్పుడు నిద్ర పడుతుంది.

కోళ్ళఫారం_కొండలు
వాసు గారూ, మంచి పని చేశారు. మీ మేనల్లుణ్ణి మా ఫారానికి పంపండి, నెల రోజులు మేత బస్తాలు మోయిస్తాను, ఏ క్యాప్సూలూ అక్కర్లేదు.

కాకినాడ_కల్యాణి
పది రోజుల తర్వాత వస్తున్నాను. హిమోగ్లోబిన్ 9.7. ఫెరిటిన్ బాగా తక్కువ. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు, నిమ్మరసంతో వేసుకోమన్నారు. ఇంకా తగ్గాలనే ఆలోచన ఆరు నెలలు పక్కన పెట్టి, 64 దగ్గరే నిలబడమన్నారు. రాత్రి పుల్కాలతో పాటు పప్పు, గుడ్డు చేర్చాను. వేళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి, మాత్రలకి టైం పడుతుందట.

మావారు ఈ చర్చంతా మా అత్తగారికి చదివి వినిపించారు. ఆవిడ ఎలుక దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు. ఆ రాత్రి ఏమీ అనకుండా వచ్చి, ఏసీ 27కి పెట్టి, ఫ్యాన్ తన మంచం వైపు తిప్పుకున్నారు.

నిద్రపట్టని_నిర్మల
ఆవిడకి నా తరఫున ఒక నమస్కారం చెప్పు. ఐరన్ మాత్రతో పాటు టీ తాగకూడదు, తెలుసుగా?

కాకినాడ_కల్యాణి
తెలుసక్కా. మాత్ర వేసుకున్న రెండు గంటలకి తాగుతున్నా. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని.